పాముకాటు మందు నుంచి బడ్జెట్ పద్దు దాకా: ప్రజారోగ్యం కోసం ప్రభుత్వాన్ని అడిగే పద్ధతి

పీహెచ్‌సీలో మందు లేదని రోడ్డు మీద బైఠాయిస్తే ఆ వారానికి మందు వస్తుంది. వచ్చే వానాకాలంలోనూ అదే అలమారలో అదే మందు ఉండాలంటే మాత్రం దాని అవసరం ముందుగా ఒక కార్యాలయం పంపే ప్రతిపాదనలో అంకెగా చేరాలి, ఆ అంకె పద్దులో మంజూరు కావాలి, మంజూరైన సొమ్ము విడుదల కావాలి, ఆ సొమ్ముతో కొన్న మందు గిడ్డంగి దాటి మన మండలానికి రావాలి. ప్రతి మజిలీలోనూ ఒకరి సంతకం ఉంటుంది, ప్రతి సంతకానికీ ఒక కాలం ఉంటుంది. ఎవరి సంతకమో, అది ఎప్పుడు పడుతుందో తెలుసుకొని అంతకుముందే మన కాగితాన్ని ఆ బల్ల మీదికి చేర్చడం ఈ పనిలో సగం. సంతకం పడ్డాక కూడా వదలకుండా వెంటపడడం మిగతా సగం.

ఉమ్మడి వరంగల్ జిల్లాలో, అంటే నేటి వరంగల్, హనుమకొండ, ములుగు, జయశంకర్ భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ జిల్లాల్లో పనిచేసే యువజన సంఘాలు, మహిళా సమాఖ్యలు, రైతు సంఘాలు, విశ్రాంత ఉద్యోగులు ఈ పద్ధతిని వాడుకోవచ్చు. చెప్పేది గాలిలో తేలిపోకుండా ఉండేందుకు మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణ తీసుకున్నాను: పాముకాటు. దేశంలో 2000 నుంచి 2019 వరకు ఏటా సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. ఆ మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల జాబితాలో తెలంగాణతో కలిపిన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. పాముకాటును తప్పనిసరిగా నివేదించాల్సిన వాటిలో చేర్చాలని అదే ఏడాది నవంబరులో రాష్ట్రాలను కోరింది. అంటే విధానం కాగితం మీద ఇప్పటికే ఉంది. దాన్ని మన మండలానికి దింపాలి. మీ సమస్య డయాలసిస్ కేంద్రమైనా, ల్యాబ్ టెక్నీషియన్ పోస్టయినా, సికిల్ సెల్ పరీక్షలైనా నడిచే దారి ఇదే.

మొదటి మెట్టు: అధికారం ఎవరి చేతిలో ఉందో తేల్చుకోవడం

రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 6వ అంశం ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, ఆసుపత్రులు. 47వ అధికరణం పౌష్టికాహార స్థాయినీ ప్రజారోగ్యాన్నీ మెరుగుపరచడం రాజ్యం ప్రాథమిక విధుల్లో ఒకటని చెబుతుంది. కాబట్టి ఆసుపత్రులూ సిబ్బందీ మందుల విషయంలో మొదట అడగాల్సింది రాష్ట్రాన్నే. కేంద్రం జాతీయ ఆరోగ్య మిషన్ ద్వారా డబ్బు ఇస్తుంది. ఆ పథకంలో మన రాష్ట్రం వంటి వాటికి కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి.

ఈ మెట్టును దాటవేసి నేరుగా వినతిపత్రం రాసేవారు చాలామంది ఉంటారు. పత్తి చేలల్లో పురుగుమందుల విషప్రభావం తెలిసిన వరంగల్ ప్రాంతంలో ఫలానా మందును నిషేధించాలని కలెక్టర్‌కు వినతులు ఇస్తుంటారు. 1968 నాటి పురుగుమందుల చట్టం ప్రకారం ప్రజలకు ప్రమాదం ఉందనిపిస్తే రాష్ట్రం అమ్మకాన్ని 60 రోజుల వరకు ఆపగలదు. శాశ్వత నిషేధం కేంద్రం చేతిలో ఉంది. కలెక్టర్ దగ్గర ఆ రెండు అధికారాలూ లేవు. అక్కడ ఇచ్చిన కాగితం మర్యాదగా పై కార్యాలయానికి పంపబడుతుంది, మనకు రశీదు మిగులుతుంది.

పాముకాటు విషయంలో అధికారం ఇలా పంచి ఉంది. మందుల కొనుగోలు రాష్ట్ర వైద్య సేవల మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థది. ఏ పీహెచ్‌సీకి ఎన్ని కావాలో ఇండెంటు పెట్టేది మెడికల్ ఆఫీసరు, దాన్ని చూసి పంపేది జిల్లా వైద్య ఆరోగ్య అధికారి. ఏరియా ఆసుపత్రులు తెలంగాణ వైద్య విధాన పరిషత్ కిందివి, వరంగల్‌లోని ఎంజీఎం వంటి బోధనాసుపత్రి వైద్య విద్య సంచాలకుల కిందిది. ఒకే రోగి మూడు విభాగాల గుండా వెళ్తాడు కాబట్టి ఒక విభాగాన్ని అడిగి ఊరుకుంటే మిగతా రెండు చోట్ల సమస్య అలాగే ఉంటుంది.

రెండో మెట్టు: సమస్యను కోరికగా కుదించడం

‘మా ఏజెన్సీలో వైద్యం సరిగా లేదు’ అన్నది బాధ. దాని మీద ఏ అధికారీ సంతకం చేయలేడు. ‘జిల్లాలోని ప్రతి పీహెచ్‌సీలో జూన్ నుంచి నవంబరు వరకు ఏ రోజైనా కనీసం 20 వయల్స్ (చిన్న సీసాలు) పాము విష విరుగుడు మందు ఉండాలి, దానితోపాటు అడ్రినలిన్, నియోస్టిగ్మిన్, అట్రోపిన్ ఇంజెక్షన్లు, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగు ఉండాలి, రాత్రి విధుల్లో ఉండే స్టాఫ్ నర్సులకు వానాకాలానికి ముందే శిక్షణ ఇవ్వాలి, ఎంజీఎం డ్యూటీ డాక్టరుతో ఫోనులో మాట్లాడే ఏర్పాటు ఉండాలి’ అన్నది కోరిక. దీన్ని అవును అనవచ్చు, కాదు అనవచ్చు, సగం ఇస్తామనవచ్చు. మూడింటిలో ఏది అన్నా మనకు తర్వాతి అడుగు తెలుస్తుంది.

ఈ అంకెలకు కారణం చెప్పగలగాలి. మన దేశంలో వాడే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అనే నాలుగు పాముల విషానికి పనిచేస్తుంది. విషం ఎక్కిన లక్షణాలు కనిపించిన రోగికి మొదటి మోతాదు సాధారణంగా 10 వయల్స్. రక్తం గడ్డకట్టే గుణం ఆరు గంటల్లో తిరిగి రాకపోతే మరో మోతాదు పట్టవచ్చు. 10 మాత్రమే ఉన్న కేంద్రానికి ఒకే రాత్రి ఇద్దరు వస్తే రెండో మనిషిని అంబులెన్స్ ఎక్కించడమే గతి. ఏటూరునాగారం నుంచి వరంగల్ ఎంజీఎం సుమారు వంద కిలోమీటర్లు. 2023 జూలై వరదల్లో జంపన్న వాగు పొంగి కొండాయి ఊరిని ముంచెత్తిన సంగతి ములుగు జిల్లాలో అందరికీ గుర్తే. వాగులు పొంగే కాలమూ పాములు బయటికి వచ్చే కాలమూ ఒకటే కాబట్టి, ‘పెద్దాసుపత్రికి పంపిస్తాం’ అనే ఏర్పాటు సరిగ్గా అవసరమైన రోజుల్లోనే విఫలమవుతుంది. ఈ ఒక్క వాక్యం వినతిపత్రంలో ఉండి తీరాలి.

మూడో మెట్టు: ఆధారాలు కూడగట్టడం

ఇక్కడ తొందరపడకూడదు. పాముకాటు కేసుల్లో చాలా భాగం ప్రభుత్వ రికార్డుల్లోకి రావు: నాటువైద్యుడి దగ్గరికి వెళ్లినవి ఉంటాయి, ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లినవి ఉంటాయి, దారిలోనే చనిపోయినవి ఉంటాయి. అందుకే రికార్డుల లెక్క, ఊరి లెక్క రెండూ కావాలి. వాటి మధ్య తేడాయే మన వాదనలో బలమైన భాగం.

ఊరి లెక్క కోసం ఆశా కార్యకర్తలతో, అంగన్‌వాడీ టీచర్లతో కూర్చోవాలి. ఇల్లిల్లూ తిరిగి పెద్ద ప్రశ్నావళి నింపనవసరం లేదు. ‘అక్కా, పోయిన రెండేండ్లల్ల మన ఊర్ల ఎవరికన్నా పురుగు ముట్టిందా? అప్పుడు ఎటు తీస్కపోయిన్రు?’ అని అడిగితే (ఊళ్లలో పామును పురుగు అంటారు) ఆమెకు పేరు పేరునా గుర్తుంటుంది. పేర్లు మన కాగితంలోకి రాకూడదు. వయసు, ఆడా మగా, నెల, పగలా రాత్రా, చేనులోనా ఇంట్లోనా, మొదట వెళ్లిన చోటు, మందు దొరికే దాకా పట్టిన సమయం, ఫలితం చాలు. చనిపోయిన వారి వివరాలను కుటుంబం ఒప్పుకోకుండా ఎక్కడా వాడకూడదు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో ఉంటున్న గొత్తికోయ గూడేలు చాలాసార్లు ఊరి లెక్కల్లో కలవవు కాబట్టి వాటికి విడిగా వెళ్లాలి.

రికార్డుల లెక్క కోసం నాలుగు చోట్లు చూడాలి. పీహెచ్‌సీ ఓపీ రిజిస్టరు మొదటిది. ఆసుపత్రులు వ్యాధుల నిఘా కార్యక్రమానికి పంపే ‘పి’ ఫారంలో పాముకాటు ఒక గడి, అది రెండోది. ఎంజీఎంలో చేరిన పాముకాటు రోగుల మండలాలవారీ సంఖ్య మూడోది. అసహజ మరణాలుగా పోలీసు స్టేషనులో నమోదైన కేసులు నాలుగోది. వీటిని మాట మీద ఎవరూ ఇవ్వరు, ఇవ్వకపోవడంలో తప్పూ లేదు. సమాచార హక్కు చట్టం ఉన్నది ఇందుకే. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. తెల్ల రేషన్ కార్డు వంటి ఆధారంతో పేద కుటుంబమని చూపితే రుసుము ఉండదు. ఇలా రాయవచ్చు:

‘ప్రజా సమాచార అధికారి, జిల్లా వైద్య ఆరోగ్య అధికారి కార్యాలయం గారికి. సమాచార హక్కు చట్టం, 2005, సెక్షన్ 6(1) కింద దరఖాస్తు. దయచేసి ఈ కింది సమాచారం ఇప్పించగలరు. 1. గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో జిల్లాలోని ఒక్కొక్క ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నమోదైన పాముకాటు కేసుల సంఖ్య, నెలలవారీగా. 2. అదే కాలంలో పాము విష విరుగుడు మందు కోసం ఒక్కొక్క కేంద్రం పెట్టిన ఇండెంటు, అందిన వయల్స్, వాడినవి, గడువు తీరినవి. 3. ప్రతి నెలా చివరి రోజు నాటికి ఒక్కొక్క కేంద్రంలో ఉన్న నిల్వ. 4. మంజూరైన స్టాఫ్ నర్సు, మెడికల్ ఆఫీసరు పోస్టులు, అందులో ఖాళీలు. రోగుల పేర్లు, వ్యక్తిగత వివరాలు అవసరం లేదు.’

చివరి వాక్యం తప్పక ఉండాలి, ఎందుకంటే వ్యక్తిగత సమాచారమనే కారణంతో తిరస్కరించే అవకాశాన్ని అది ముందే మూసేస్తుంది. ‘ఎందుకు లేదు’, ‘ఎవరు బాధ్యులు’ వంటి ప్రశ్నలు ఈ దరఖాస్తులో పెట్టవద్దు. రికార్డులో ఉన్నదే ఇస్తారు తప్ప అభిప్రాయం ఇవ్వరు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోగా అదే కార్యాలయంలోని మొదటి అప్పీలు అధికారికి, అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్లవచ్చు. మూడో ప్రశ్నకు వచ్చే జవాబును జాగ్రత్తగా చూడండి. ఏడాది మొత్తానికి సరిపడా మందు వచ్చినట్టు కనిపిస్తూనే ఆగస్టు చివర నిల్వ సున్నా ఉండవచ్చు. సగటు అంకె దాచిన దాన్ని నెలల అంకె బయటపెడుతుంది.

నాలుగో మెట్టు: బడ్జెట్ చదవడం

2025–26 రాష్ట్ర బడ్జెట్ మొత్తం 3,04,965 కోట్ల రూపాయలు, అందులో వైద్య ఆరోగ్య శాఖకు 12,393 కోట్లు, అంటే 4 శాతం పైచిలుకు. రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో 8 శాతానికి మించి ఆరోగ్యానికి ఖర్చు చేయాలని 2017 జాతీయ ఆరోగ్య విధానమూ, తర్వాత 15వ ఆర్థిక సంఘమూ చెప్పాయి. ఎమ్మెల్యేతో, పత్రికలతో మాట్లాడేటప్పుడు ఈ పోలిక పనికొస్తుంది. జిల్లా వైద్య ఆరోగ్య అధికారి ముందు దీన్ని చదవడం వల్ల ప్రయోజనం లేదు; ఆయన చేతిలో లేని అంకె అది.

మనకు కావలసింది లోపలి పద్దులు. రాష్ట్ర ఆర్థిక శాఖ వెబ్‌సైటులో బడ్జెట్ సంపుటాలు ఉంటాయి. వైద్యం, ప్రజారోగ్యానికి రెవెన్యూ ఖర్చు 2210 అనే ప్రధాన పద్దు కింద, కుటుంబ సంక్షేమం 2211 కింద, భవనాల వంటి మూలధన ఖర్చు 4210 కింద కనిపిస్తాయి. గిరిజన ప్రాంతాలకు ఉద్దేశించిన భాగం 796 అనే ఉపపద్దుగా వస్తుంది. ఏటూరునాగారం, ఉట్నూరు వైపు వారు మొదట వెతకాల్సింది ఆ మూడంకెలనే.

ప్రతి పద్దు పక్కనా నాలుగు నిలువు వరుసలు ఉంటాయి. 2025–26 సంపుటం తెరిస్తే 2023–24 వాస్తవ ఖర్చు, 2024–25 అంచనా, అదే ఏడాదికి సవరించిన అంచనా, 2025–26 అంచనా కనబడతాయి. పత్రికల్లో వచ్చేది చివరి వరుస. మనం చదవాల్సింది మొదటిది. ఒక పద్దులో ఏటా పెద్ద మొత్తం చూపించి వాస్తవంగా సగమే ఖర్చు చేస్తుంటే అక్కడ అడగాల్సింది కొత్త కేటాయింపు కాదు, విడుదల. ఈ తేడా తెలియక ‘నిధులు పెంచాలి’ అని అడిగితే, ‘పెంచాం కదా’ అని చివరి వరుస చూపించి పంపేస్తారు. అసెంబ్లీ ఆమోదించాక కూడా ఆర్థిక శాఖ విడుదల ఉత్తర్వు ఇస్తేనే శాఖ ఖర్చు చేయగలదు, బిల్లు ట్రెజరీలో ఆమోదం పొంది చెల్లింపు జరిగితేనే సరఫరాదారు మళ్లీ సరుకు పంపుతాడు. మందులు ఆగిపోవడానికి పాత బాకీలు కారణమైన సందర్భాల్లో ఇండెంట్ల గురించి ఎంత వాదించినా ఫలితం ఉండదు.

ఐదో మెట్టు: సరైన సంచిని ఎంచుకోవడం

డబ్బు ఒకే చోట ఉండదు. పాముకాటు మందు వంటి క్రమం తప్పని ఖర్చుకు రాష్ట్ర బడ్జెట్టూ జాతీయ ఆరోగ్య మిషనే ఆధారం. మిషన్ కింద జిల్లా ఆరోగ్య కార్యాచరణ ప్రణాళికలు తయారై, రాష్ట్ర ప్రణాళికలో కలిసి, కేంద్రానికి వెళ్తాయి. 2022–24 నుంచి ఈ ప్రణాళికను రెండేళ్లకు కలిపి చేస్తున్నారు కాబట్టి ఒకసారి తప్పితే మళ్లీ చాలా కాలం ఆగాలి. కేంద్రం ఏది ఆమోదించిందో, ఏది తిరస్కరించిందో చెప్పే ‘రికార్డ్ ఆఫ్ ప్రొసీడింగ్స్’ మిషన్ వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో ఉంటుంది. దానిలో మన రాష్ట్రం పాముకాటు కింద ఏమి అడిగిందో చూడకుండా హైదరాబాదు వెళ్లవద్దు.

ఒక్కసారి కొనే వస్తువులకు, అంటే అంబు బ్యాగులు, ఆక్సిజన్ సిలిండర్లు, ఫ్రిజ్, శిక్షణ బొమ్మలు వంటి వాటికి వేరే సంచులు ఉన్నాయి. భూపాలపల్లి, పెద్దపల్లి, మంచిర్యాల వంటి బొగ్గు జిల్లాల్లో జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టు ఉంటుంది. గనుల ప్రభావిత ప్రాంతాల్లో ఖర్చు చేయాల్సిన ఆ నిధిలో కనీసం 60 శాతం తాగునీరు, ఆరోగ్యం, విద్య వంటి ప్రాధాన్య రంగాలకే వెళ్లాలని 2015 మార్గదర్శకాలు చెప్పగా, 2024లో దాన్ని 70 శాతానికి పెంచారు. నా అభిప్రాయంలో ఉత్తర తెలంగాణలో ఎక్కువ డబ్బు ఉండి తక్కువ మంది అడిగే సంచి ఇదే. సీసీ రోడ్ల ప్రతిపాదనలు దీన్ని చుట్టుముట్టినంతగా ఆరోగ్య ప్రతిపాదనలు చుట్టుముట్టవు. ఏజెన్సీ మండలాల్లో సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాజెక్టు అధికారి మరో దారి. 2017 నాటి తెలంగాణ ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ప్రకారం ఆ నిధిలో ఖర్చు కాని మొత్తాన్ని తర్వాతి ఏడాది భర్తీ చేయాలి కాబట్టి మార్చి తర్వాత మిగులు ఎంతో అడగడం మన హక్కు.

ఊరి స్థాయిలో గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీకి ఏడాదికి 10 వేల రూపాయల దాకా నిర్నిబంధ నిధి ఉంటుంది. దానితో మందు కొనలేం. అవగాహన గోడరాతలకూ, రాత్రిపూట చీకటి దారుల్లో ఒకటి రెండు దీపాలకూ సరిపోతుంది. పీహెచ్‌సీలోని ఆసుపత్రి అభివృద్ధి సంఘం చేతిలో ఉండే నిధి అత్యవసర కొనుగోళ్లకు పనికొస్తుంది. ఎంపీ నిధి ఏడాదికి 5 కోట్లు, అంబులెన్స్ వంటి పెద్ద వస్తువుకు. ఇంతకు మించి వీటి మీద ఆశ పెట్టుకోవద్దు.

ఆరో మెట్టు: ఒక్క పేజీ రాయడం

అధికారి ముందు పెట్టే పత్రం ఒక్క పేజీ దాటకూడదు. ఆధారాలు వెనుక అనుబంధంగా ఉండాలి. పై భాగంలో కోరిక, మధ్యలో మూడు నాలుగు అంకెలు, కింద ఖర్చు. ఖర్చు లెక్క లేని వినతి కంప్యూటరులో ఒక నంబరుగా మిగిలిపోతుంది. ఉదాహరణకు జిల్లాలో 12 పీహెచ్‌సీలు ఉన్నాయనుకుందాం. కనీస నిల్వ 12 గుణించు 20, అంటే 240 వయల్స్. ఏడాదిలో విషం ఎక్కిన కేసులు 60 వస్తాయని రికార్డులు చెబితే, ఒక్కొక్కరికి సగటున 15 చొప్పున 900. మొత్తం 1,140 వయల్స్. ధరను మందుల దుకాణం రేటుతో వేయవద్దు. ప్రభుత్వ సంస్థ టెండరు రేటు ఎంతో సమాచార హక్కు కింద తీసుకొని దానితో గుణించండి. వచ్చే మొత్తం జిల్లా ఆరోగ్య ఖర్చుతో పోలిస్తే ఎంత చిన్నదో అధికారికే అర్థమవుతుంది, మనం చెప్పనక్కర్లేదు.

అభ్యంతరాలకు జవాబులు కూడా అనుబంధంలోనే పెట్టాలి. వాడకుండా గడువు తీరిపోతుందంటారు: గడువుకు మూడు నెలల ముందే వాడని వయల్స్‌ను ఏరియా ఆసుపత్రికో ఎంజీఎంకో మార్చే పద్ధతిని ఉత్తర్వులోనే పెట్టమనండి. ఫ్రిజ్ లేదు, కరెంటు పోతుందంటారు: పొడి రూపంలో వచ్చే రకానికి ఫ్రిజ్ అవసరం లేదు. మందు ఇస్తే రియాక్షన్ వస్తుందని డాక్టర్లు భయపడతారంటారు: ఈ భయం నిజమైనదే, దాన్ని కొట్టిపారేయకూడదు. అందుకే అడ్రినలిన్, శిక్షణ, ఎంజీఎం డ్యూటీ డాక్టరుతో ఫోనులో మాట్లాడే ఏర్పాటు మన కోరికలో భాగంగా ఉన్నాయి. ఆ మూడూ లేకుండా మందు మాత్రమే తెచ్చిపెడితే అది అలమారలో ఉండి కూడా రోగి అంబులెన్స్ ఎక్కుతాడు.

ఏడో మెట్టు: ఏ నెలలో ఎవరిని కలవాలి

వానాకాలం అయిపోయిన వెంటనే, సెప్టెంబరు, అక్టోబరుల్లో ఊరి లెక్క పూర్తి కావాలి. సుమారు అదే కాలంలో శాఖలు వచ్చే ఏడాది అంచనాలు తయారు చేయడం మొదలుపెడతాయి. జిల్లా వైద్య ఆరోగ్య అధికారిని, ఐటీడీఏ ప్రాజెక్టు అధికారిని కలవాల్సింది అప్పుడే. డిసెంబరు, జనవరిల్లో సవరించిన అంచనాలూ, కొత్త ప్రతిపాదనలూ సచివాలయంలో నడుస్తాయి. ఆ సమయానికి ఎమ్మెల్యే చేతిలో మన పేజీ ఉండాలి. ఫిబ్రవరి, మార్చిల్లో బడ్జెట్ వచ్చాక పద్దులపై చర్చలో ప్రశ్న అడిగించవచ్చు, కానీ అప్పటికి అంకెలు గట్టిపడి ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో విడుదల, ఇండెంటు, శిక్షణ తేదీలు అడగాలి. మేడారం జాతర ఉన్న ఏడాది ములుగు జిల్లా యంత్రాంగమంతా జాతర పనుల్లో ఉంటుంది, కాబట్టి అక్కడి వారు ఈ క్యాలెండరును రెండు నెలలు ముందుకు జరుపుకోవాలి. ఎన్నికల నియమావళి అమలులో ఉంటే కొత్త మంజూరు ఉండదు. ఆ రోజులను అభ్యర్థులతో హామీ పలికించుకోవడానికి వాడుకోండి.

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రశీదు తీసుకోవాలి. నిర్ణయం అక్కడే అయిపోతుందని అనుకోవద్దు; మన కోరికకు తేదీ, నంబరు రావడమే దాని ఉపయోగం. ఎంపీ అధ్యక్షతన జరిగే ‘దిశ’ కమిటీ ఆరోగ్య మిషన్‌ను కూడా సమీక్షిస్తుంది. సమావేశానికి ముందే కమిటీ సభ్యుల్లో ఒకరికి ప్రశ్న రాసి ఇవ్వండి. జిల్లా పరిషత్ పాలకవర్గం ఉన్న రోజుల్లో విద్య, వైద్య సేవల స్థాయీ సంఘం ఉంటుంది, లేని రోజుల్లో ప్రత్యేకాధికారి. గ్రామసభ తీర్మానం ఏజెన్సీలో మరింత బరువైనది. షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలకు ప్రత్యేక అధికారాలిచ్చే పీసా చట్టం పేరు ప్రస్తావిస్తూ రాయించండి.

కలిసే వారు ముగ్గురు చాలు: లెక్క తెలిసినవారు ఒకరు, బాధిత కుటుంబం నుంచి ఇష్టపడి వచ్చినవారు ఒకరు, ఊరి పెద్ద లేదా సర్పంచ్ ఒకరు. మాట సూటిగా ఉండాలి. ‘నమస్తే సార్. పోయిన వానాకాలంలో మన జిల్లాలో ఆరు పీహెచ్‌సీల్లో ఆగస్టు చివర నిల్వ సున్నా అని మీ ఆఫీసే ఇచ్చిన లెక్క ఇది. వచ్చే జూన్ ఒకటి నాటికి 20 వయల్స్ ఉండేటట్టు ఇండెంటు ఇప్పిస్తారా సార్?’ అని అడిగి ఆగాలి. ‘చూస్తాం’ అంటే ‘ఏ తేదీకి మళ్లీ రమ్మంటారు సార్’ అని అడగాలి. బయటికి వచ్చాక అదే సాయంత్రం, మాట్లాడినదంతా నాలుగు వాక్యాల్లో రాసి, కృతజ్ఞతలతో అదే కార్యాలయానికి పంపాలి. జ్ఞాపకం ఎవరిదైనా మారుతుంది, ఇన్‌వర్డ్ ముద్ర పడిన కాగితం మారదు.

మెడికల్ ఆఫీసరును శత్రువుగా చూపించే పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయవద్దు. ఇండెంటు పెట్టి మందు రాక తిట్లు తినేది ఆయనే. సర్వీసు నియమాల వల్ల ఆయన పత్రికలతో బహిరంగంగా మాట్లాడలేరు. ఆయన చెప్పిన విషయాన్ని ఆయన పేరుతో రాయిస్తే మనకు ఉన్న ఒక్క మిత్రుడూ పోతాడు. ఆశా కార్యకర్తల విషయమూ అంతే. వృత్తిపరమైన బలం కావాలంటే కాకతీయ మెడికల్ కాలేజీ కమ్యూనిటీ మెడిసిన్ విభాగం వంటి చోట మన లెక్కను చూపించి, పద్ధతి సరిగా ఉందో లేదో చెప్పమనాలి. జిల్లా ఎడిషన్ విలేకరికి వార్త ఇచ్చేది అధికారిని కలిసిన తర్వాతే, అదీ ఇచ్చిన తేదీ దాటాకే. ముందే వార్త వస్తే అధికారి సమయం ఖండన రాయడానికి పోతుంది.

ఎనిమిదో మెట్టు: ఏమీ కదలనప్పుడు

మన అర్జీ మీద జరిగిన ఫైలు నోటింగుల నకలు సమాచార హక్కు కింద అడగండి. ఎవరి దగ్గర, ఏ తేదీ నుంచి ఆగిందో అందులో ఉంటుంది. చాలా ఫైళ్లు ఈ దరఖాస్తు అందిన వారంలోనే కదులుతాయి. అప్పటికీ కదలకపోతే హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం చివరి దారి. ప్రభుత్వ ఆసుపత్రిలో సకాలంలో వైద్యం అందకపోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కుకు భంగమనీ, డబ్బు లేదన్న కారణంతో రాజ్యం ఈ బాధ్యత నుంచి తప్పుకోలేదనీ సుప్రీంకోర్టు 1996లో పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో చెప్పింది. న్యాయవాది ఖర్చు భరించలేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగవచ్చు. కోర్టుకు వెళ్లేవారి చేతిలో తేదీల వరుస, రశీదులు, నెలవారీ నిల్వ లెక్క ఉండాలి. మూడో మెట్టులో చేసిన కష్టం ఇక్కడే అక్కరకొస్తుంది.

తొమ్మిదో మెట్టు: మంజూరైన తర్వాత

ఉత్తర్వు వచ్చిన రోజు సన్మానాలు, ఫొటోలు అయిపోయాక ఒక నకలు తీసుకొని చదవండి. ఒక్క ఏడాదికా, ఏటానా? అన్ని కేంద్రాలకా, ఎంపిక చేసిన వాటికా? పద్దు సంఖ్య రాసి ఉందా? పద్దు సంఖ్య లేని ఉత్తర్వుకు డబ్బు ఏ సంచి నుంచి వస్తుందో ఎవరూ చెప్పలేరు.

జూన్ నుంచి నవంబరు వరకు ప్రతి నెలా మొదటి వారంలో ఒక్కొక్క పీహెచ్‌సీ నిల్వను ఆసుపత్రి అభివృద్ధి సంఘం సభ్యుడో, పంచాయతీ వార్డు సభ్యుడో చూసి ఒక పట్టికలో రాయాలి: ఎన్ని వయల్స్, గడువు తేదీ, అడ్రినలిన్ ఉందా, రాత్రి నర్సు ఉన్నారా, శిక్షణ పొందినవారు బదిలీ అయ్యారా. బదిలీ గడి చిన్నదిగా కనిపిస్తుంది గాని, శిక్షణ పొందిన ఇద్దరు నర్సులు వెళ్లిపోతే మందు ఉన్నా లేనట్టే కాబట్టి ఆ గడిని మొదట చూడాలి. లోటు కనిపిస్తే ముందు ఫోను మెడికల్ ఆఫీసరుకు, రెండు రోజుల తర్వాత జిల్లా కార్యాలయానికి లేఖ. నవంబరు చివర ఈ ఆరు నెలల పట్టికను కలిపి, బడ్జెట్ సంపుటంలోని వాస్తవ ఖర్చు వరుసను దానికి జతచేసి, వచ్చే జిల్లా ఆరోగ్య కార్యాచరణ ప్రణాళికకు ప్రతిపాదనగా డిసెంబరు మొదటి సోమవారం ప్రజావాణిలో ఇచ్చి రశీదు తీసుకోవాలి.